సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న మర్యాదలు: మీ కంటపడ్డవి చెప్పండి

గోదారిగట్టు (ఆదివారం, రాత్రి 9:12)

నిన్న రాత్రి క్రోమ్‌లో పేరుకుపోయిన ట్యాబులు మూసేస్తూ కూర్చున్నా. ముప్పై పైనే ఉంటాయి. మౌస్ కదపకుండా ఒకేచోట టకటకా నొక్కుతుంటే ఒక్కొక్కటే పోతున్నాయి. పదో పన్నెండో పోయాక అనుమానం వచ్చింది. ఒక ట్యాబు పోతే మిగిలినవి వెడల్పవ్వాలి కదా? అప్పుడు ఇంటూ మార్కు పక్కకి జరిగిపోవాలి కదా? మరి ప్రతిసారీ నా మౌస్ కిందికే ఎలా వస్తోంది?

ఈసారి నెమ్మదిగా చూశా. మౌస్ ఆ ట్యాబుల వరస మీద ఉన్నంతసేపూ అవి వెడల్పవ్వవు. పక్క ట్యాబు జరిగి, దాని ఇంటూ మార్కు సరిగ్గా బాణం కిందికి వచ్చి నిలబడుతుంది. మౌస్ అక్కడి నుంచి తీసేశాకే అన్నీ ఒళ్లు విరుచుకుని సర్దుకుంటాయి.

ఇన్నేళ్లుగా వాడుతూ ఇప్పటిదాకా గమనించలేదు. ఎవరో ఒకాయన కూర్చుని "వీడు వరసగా నాలుగు మూస్తాడేమో" అని ఆలోచించి ఉంటాడు. ఇలాంటివి మీకు తెలిసినవి చెప్పండి. పెద్ద పెద్ద ఫీచర్లు వద్దు, చప్పుడు చెయ్యకుండా పని చేసిపెట్టేవి కావాలి.

బిట్టుబైటు (ఆదివారం, రాత్రి 9:40)

దీనికి తాతలాంటిది మ్యాక్ మెనూ. విండోస్‌లో ఫైల్, ఎడిట్ లాంటివి ఆ ప్రోగ్రాము కిటికీలోనే ఉంటాయి. మ్యాక్‌లో 1984 నుంచీ అవి స్క్రీన్ పై అంచుకి అతుక్కునే ఉన్నాయి. మౌస్‌ని ఎంత విసురుగా పైకి తోసినా అంచు దాటదు, అక్కడే ఆగుతుంది. గురి చూసుకోవక్కర్లేదు. 1954లో పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్టు చెప్పిన సూత్రం ఇది. ఒకదాన్ని చేరడానికి ఎంతసేపు పడుతుందనేది అది ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుంది అన్న రెండింటి మీద ఆధారపడుతుంది. అంచున ఉన్నదానికి ఆ వైపు వెడల్పు అంతులేనట్టే. మూలలో ఉంటే రెండు వైపులా లాభమే.

విండోస్ 95లో స్టార్ట్ బటన్‌ని అలాంటి మూలలోనే పెట్టారు. కానీ బటన్‌కీ అంచుకీ మధ్య కొద్ది చుక్కల ఖాళీ వదిలేశారు. మూలకి విసిరి నొక్కితే ఏమీ తెరుచుకోదు. బంగారంలాంటి చోటు సంపాదించి, గుమ్మం ముందు గొయ్యి తవ్వుకున్నట్టయింది. తర్వాతి వెర్షన్లలో సరిచేశారు.

సీతమ్మధార_శేషు (ఆదివారం, రాత్రి 9:51)

సరిచేసి ఏం లాభం గురూ, విండోస్ 11లో తీసుకొచ్చి మధ్యలో పెట్టారు 😀 నేను కొన్న రోజే సెట్టింగుల్లోకి పోయి మళ్లీ ఎడమకి లాగేశా. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి మాత్రం మధ్యలో ఉంటేనే బాగుందట. అలవాటు అంతే.

లెడ్జర్_లక్ష్మి (ఆదివారం, రాత్రి 10:20)

నేను కంప్యూటర్ మనిషిని కాను, బ్యాంకులో పనిచేస్తాను. మా వైపు నుంచి కొన్ని.

చాలా ఏటీఎంలలో ముందు కార్డు బయటికొచ్చి ఆ తర్వాతే డబ్బు ఎందుకొస్తుందో గమనించారా? మనిషి వచ్చింది డబ్బు కోసం. అది చేతిలో పడగానే పని అయిపోయిందని మనసు అనేసుకుంటుంది, కాళ్లు బయటికి నడిచేస్తాయి, కార్డు మిషన్లోనే ఉండిపోతుంది. కార్డు తీసుకుంటేగానీ డబ్బు ఇవ్వను అంటే ఇక మరిచిపోవడం కుదరదు. ఏ హెచ్చరిక బోర్డూ అక్కర్లేదు, వరస మార్చారంతే.

ఇంకోటి ఐఎఫ్ఎస్‌సీ కోడ్. మొత్తం 11 అక్షరాలు, అందులో 5వది ఎప్పుడూ సున్నాయే. కస్టమర్లు దాన్ని ఇంగ్లీషు ఓ అనుకుని కొడతారు. కొన్ని యాప్‌లు "తప్పు కోడ్" అని ఎర్రగా అరుస్తాయి. ఒక యాప్‌లో చూశాను, ఓ కొడితే మాట్లాడకుండా సున్నా చేసేస్తుంది. అక్కడ ఇంకేదీ ఉండదని తెలిసినప్పుడు మనిషిని అడగడం దేనికి?

డబ్బు పంపేచోట అంకెలు వేస్తుంటే కింద "పదివేల రూపాయలు మాత్రమే" అని అక్షరాల్లో కనపడటం నాకు అన్నిటికన్నా ఇష్టం. పదివేలకి లక్ష వేసిన వాళ్లు మా కౌంటర్ ముందు ఏడవడం చూశాను. 1,00,000 అని మన పద్ధతిలో కామాలు పెట్టడం కూడా అలాంటిదే. 100,000 అని ఉంటే నేనే ఒక్క క్షణం ఆగిపోతాను, ముప్పై ఏళ్ల సర్వీసు నాది.

ఓరుగల్లు_పోరడు (ఆదివారం, రాత్రి 10:33)

లక్ష్మక్కా, మస్తు చెప్పినవ్. నాకైతే కిరాణా షాపుల్ల మోగే సౌండ్‌బాక్స్. మా ఇంటి కాడ మిర్చి బజ్జీల బండి ఉంది. ఆయన రెండు చేతులూ పిండిలనే ఉంటయ్. ఎవరు పైసలు కొట్టిన్రో ఫోన్ తీసి చూసే తీరిక లేదు. డబ్బా తెలుగుల చెప్తది, ఆయన తల ఊపుతడు, మనం పోతం. పాత స్క్రీన్‌షాట్ చూపించి పోయేటోళ్ల ఆట కూడా బందయింది.

బిట్టుబైటు (ఆదివారం, రాత్రి 10:41)

తమ్ముడూ, అది హార్డ్‌వేర్ కదా, ఇక్కడ సాఫ్ట్‌వేర్ గురించి...

ఓరుగల్లు_పోరడు (ఆదివారం, రాత్రి 10:44)

అన్నా, మాట్లాడేది డబ్బానే గానీ ఏం మాట్లాడాల్నో రాసింది సాఫ్ట్‌వేరే కదనే. అందుల తెలివి ఏంటంటే, పంపినోడి పేరు చెప్పదు, పైసలెన్నో చెప్తది. బజ్జీలాయనకు గదే కావాలె.

డాలస్_ఆవకాయ (సోమవారం, ఉదయం 6:05)

పోరడు చెప్పింది ఒప్పుకోవాల్సిందే, బిట్టూ.

నా ఓటు జీమెయిల్‌లో పంపినదాన్ని వెనక్కి తీసుకునే బటన్‌కి. 2009లో ప్రయోగంగా పెట్టి, 2015లో అందరికీ ఇచ్చారు. చాలామంది మెయిల్ వెళ్లిపోయాక తిరిగి లాక్కొస్తుందనుకుంటారు. అసలు వెళ్లనే వెళ్లదు. మనం పంపు నొక్కాక 5, 10, 20 లేదా 30 సెకన్లు తన దగ్గరే పట్టుకుని కూర్చుంటుంది. తప్పు ఎప్పుడు కనపడుతుందో తెలుసు కదా, పంపిన మరుక్షణమే. ఆ మరుక్షణాన్నే కాస్త సాగదీశారు.

వాట్సాప్‌లో కూడా 2022 డిసెంబరులో ఇలాంటిది ఒకటి వచ్చింది. గ్రూపులో ఏదో తప్పు పెట్టి, అందరికీ తీసెయ్యబోయి కంగారులో "నాకు మాత్రమే తీసెయ్" నొక్కేస్తాం. ఇక అది మనకి తప్ప ప్రపంచానికంతా కనపడుతూ ఉంటుంది! ఇప్పుడు ఐదు సెకన్లపాటు కింద వెనక్కి తెచ్చే బటన్ ఉంటుంది. మా కజిన్ల గ్రూపులో ఇది ఒక పెళ్లి సంబంధాన్ని కాపాడింది. వివరాలు అడక్కండి.

"నిజంగానే చేయమంటారా?" అని అడిగే పెట్టెలకంటే ఇది వంద రెట్లు నయం. ఆ పెట్టెల్ని ఎవరూ చదవరు. రోజూ వచ్చే ప్రశ్నకి చెయ్యి దానంతటదే సరే అంటుంది.

మాస్టారు_రిటైర్డ్ (సోమవారం, ఉదయం 7:30)

అందరికీ నమస్కారం. ఆ పెట్టెల మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెబుతాను. ఒక టికెట్ల సైటు, పేరు అనవసరం. భాష తెలుగులోకి మార్చుకున్నాను. ప్రయాణం మానుకుని టికెట్టు రద్దు చేయబోయాను. "మీ టికెట్టు రద్దు చేయమంటారా?" అని అడిగింది. కింద రెండు బటన్లు: "సరే", "రద్దు". నేను రద్దు చేయడానికే కదా వచ్చాను, రద్దు నొక్కాను. రద్దు రద్దయింది! టికెట్టు చక్కగా అలాగే ఉంది. బస్సు వెళ్లిపోయాక గానీ నాకు తెలియలేదు. ఐదువందల చిల్లర గంగలో కలిసింది.

ఇంగ్లీషులోనూ ఈ తిరకాసు ఉందట, మా అబ్బాయి చెప్పాడు. బటన్ మీద సరే, కాదు అని కాకుండా జరగబోయే పనినే రాస్తే పోయేదేముంది? "టికెట్టు ఉంచు", "టికెట్టు రద్దు చెయ్యి". పైన ప్రశ్న చదవకపోయినా అర్థమవుతుంది.

ఇంకొక సంగతి. ఇది పూర్తిగా తెలుగు వ్యవహారం. బటన్ మీద "పంపు" అని ఉండాలా, "పంపండి" అని ఉండాలా? నా లెక్క ఇది. బటన్ నొక్కేది నేను. అది నేను యంత్రానికిచ్చే ఆజ్ఞ. కాబట్టి "పంపు". "మీ ఊరు ఎంచుకోండి" అన్నది యంత్రం నన్ను అడిగే మాట. కాబట్టి "ఎంచుకోండి". ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకుంటే చాలు. ఇంగ్లీషులో రెండింటికీ క్రియ ఒకే రూపంలో ఉంటుంది కనుక అనువాదం చేసేవారికి ఈ తేడా కనపడదు. ఒకే తెరమీద ఒక బటన్ "చేయి" అంటుంది, పక్కది "చేయండి" అంటుంది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు.

సీతమ్మధార_శేషు (సోమవారం, ఉదయం 8:02)

రద్దు రద్దయింది 😂😂 మాస్టారూ, నవ్వకూడదు గానీ నవ్వాగలేదు.

లెడ్జర్_లక్ష్మి (సోమవారం, మధ్యాహ్నం 1:25)

మాస్టారు గారూ, సూత్రం బాగుంది, కానీ జనం అలా చదవరండీ. మా బ్రాంచిలో పాస్‌బుక్ ప్రింట్ చేసే మిషన్ ఉంది. దాని బటన్ మీద "మొదలుపెట్టు" అని ఉండేది. ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి "ఏంటమ్మా, ఇది నన్ను ఏకవచనంలో పిలుస్తోంది" అన్నారు. ఆయన నొక్కేది తానే అయినా, రాసినవాడు తనతో అంటున్నట్టే చదువుకున్నారు. మీరన్న "ఎవరు ఎవరితో" అన్నది రాసేవాళ్లకి తెలుస్తుంది, చదివేవాళ్లకి తెలియాలని ఏముంది?

మాస్టారు_రిటైర్డ్ (సోమవారం, మధ్యాహ్నం 2:10)

ఆ పెద్దాయనది న్యాయమేనమ్మా. నేను ఆ వైపు ఆలోచించలేదు.

డాలస్_ఆవకాయ (సోమవారం, సాయంత్రం 5:48)

హిందీవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. "భేజే" అని ముక్కుతో పలికే రూపం ఒకటుంది. అటు మరీ ఆజ్ఞా కాదు, ఇటు బతిమాలడమూ కాదు. మనకి అలాంటిది లేదు, "పంపు"కీ "పంపండి"కీ మధ్య నిలబడటానికి గోడ కూడా లేదు, గొయ్యే.

బటన్ మాట వల్ల మనిషి నొచ్చుకోవడం కొత్తేం కాదు. ఆపిల్ వాళ్లు 1983లో లీసా అనే కంప్యూటర్ తెచ్చారు. అది తయారవుతున్నప్పుడు బటన్ మీద ఇంగ్లీషులో "డూ ఇట్" అని రాశారు. మామూలు జనాన్ని కూర్చోబెట్టి పరీక్షిస్తుంటే ఒకాయన చిరాకుపడిపోయాడు. ఆ అక్షరాల తీరులో ఐ కాస్తా ఎల్ లాగా ఉండి, అది ఆయనకి "డోల్ట్" అని కనపడిందట, అంటే మొద్దు. "నన్ను మొద్దు అంటుందేంటి" అని. అందుకే దాన్ని "ఓకే"గా మార్చారు. ఇవాళ లోకమంతా నొక్కుతున్న ఓకే వెనక ఆయన కోపం కూడా ఉంది.

చిన్నక్షరం (సోమవారం, రాత్రి 10:15)

రెండు రోజులుగా చదువుతున్నా, ఇప్పుడు రాయకపోతే నిద్ర పట్టదు. నేను ఒక చిన్న బస్సు టికెట్ల యాప్‌కి డిజైనర్‌ని. మాస్టారు చెప్పిన సైటు మాది కాదు కదా అని మొదట గుండె ఝల్లుమంది. కాదు. కానీ మా యాప్ తెరిచి చూస్తే ఆ పెట్టె అచ్చం అలాగే ఉంది. "సరే", "రద్దు". నేనే ఆమోదించాను, ఇంగ్లీషు బొమ్మ చూసి.

తెలుగు విషయంలో నేను చేసిన ఇంకో తప్పు కూడా చెబుతా. బటన్ల ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి కొలిచి పెట్టాం. ఇంగ్లీషులో కిందికి దిగేవి ఐదారు అక్షరాలే, అవీ కాస్తే దిగుతాయి. మనకి పైన తలకట్టు, గుడి, ఎత్వం, కింద ఒత్తులు. "రాష్ట్రం" అని రాస్తే ట ఒత్తు, దాని కింద ర ఒత్తు. బటన్‌లో అడుగు తెగిపోయి కనపడేది. రెండేళ్లు ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే మా టీములో అందరూ ఫోన్ ఇంగ్లీషులో పెట్టుకుంటారు, తెలుగువాళ్లతో సహా. మా అమ్మ ఫోన్‌లో చూసినప్పుడు బయటపడింది. ఆవిడ దాన్ని తప్పు అనుకోలేదు. "ఫోన్లో తెలుగు ఇలాగే ఉంటుంది కదే" అంది. అది విని చాలా బాధేసింది.

ఆండ్రాయిడ్‌లో దీనికోసమే 2014లో ఎలిగెంట్ టెక్స్ట్ హైట్ అని ఒక సెట్టింగు తెచ్చారు. తెలుగు, తమిళం, కన్నడం, థాయ్ లాంటి లిపులకి పైనా కిందా చాలినంత చోటిస్తుంది. ఒక్క లైను. దాన్ని పెట్టి, బటన్ ఎత్తుని గట్టిగా బిగించడం మానేశాం.

ఇంకోటి, పేరులో మొదటి అక్షరంతో గుండ్రటి బొమ్మ వస్తుంది కదా. శ్రీనివాస్ గారికి "శ" అని వచ్చేది. స్వాతికి "స". కంప్యూటర్ లెక్కలో మొదటి అక్షరం అదే మరి. శ్రీ మొత్తం ఒకే అక్షరమని దానికి మనం చెప్పాలి. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో నంబర్లిచ్చే యూనికోడ్ వాళ్లు కూడా ఇలాంటి సంయుక్తాక్షరాల్ని విడదీయకూడదన్న నియమాన్ని 2023లో, 15.1 వెర్షన్లో చేర్చారు.

గోదారిగట్టు (సోమవారం, రాత్రి 10:40)

"ఫోన్లో తెలుగు ఇలాగే ఉంటుంది కదే." మేడమ్, ఈ మాట నన్ను పట్టుకుంది. మా ఇంట్లోనూ అంతే. తెగిన అక్షరాలు, డబ్బాలు డబ్బాలుగా వచ్చే మెసేజీలు, అన్నీ మామూలే అనుకుని సర్దుకుపోతారు.

బిట్టుబైటు (సోమవారం, రాత్రి 11:02)

శ్రీ ఒకే అక్షరం అయితే మరి బ్యాక్‌స్పేస్ సంగతేంటి? "స్త్రీ" తీసుకోండి. కంప్యూటర్ దాన్ని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. చెరపాలంటే బ్యాక్‌స్పేస్ ఆరుసార్లు కొట్టాలి. కుటుంబం ఎమోజీ కూడా లోపల ముక్కలు ముక్కలే, కానీ చాలా ఫోన్లలో ఒక్క దెబ్బకి పోతుంది. ఎమోజీకి ఉన్న గౌరవం మన అక్షరానికి లేదా?

మాస్టారు_రిటైర్డ్ (మంగళవారం, ఉదయం 6:50)

నాయనా, అది గౌరవమే. నేను "స్త్రీ" అని రాయబోయి "స్త్రి" అని కొట్టాననుకో. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే గుడి ఒక్కటే పోతుంది, దీర్ఘం పెట్టుకుంటాను. మొత్తం అక్షరం పోతే మళ్లీ మొదటి నుంచి కట్టుకురావాలి. పలక మీద గుణింతం తప్పితే పిల్లవాడు గుడి మాత్రమే తుడుచుకుంటాడు, పలకంతా కడగడు కదా.

చిన్నక్షరం (మంగళవారం, ఉదయం 9:20)

మాస్టారి మాటే చాలా ప్రోగ్రాముల్లో పద్ధతి. ఒకసారి చేసి చూడండి. "కీ" తర్వాత కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ కొడితే గుడి దీర్ఘం మాత్రమే పోయి "క" మిగులుతుంది. "కీ" ముందు కర్సర్ పెట్టి డిలీట్ కొడితే అక్షరం మొత్తం పోతుంది. బ్యాక్‌స్పేస్ అంటే "ఇప్పుడే కొట్టింది తప్పు" అని, డిలీట్ అంటే "ఇది నాకొద్దు" అని. రెండు మీటలకీ రెండు మనసులున్నాయి. నాకు ఈ వృత్తిలో తెలిసిన అందమైన వివరాల్లో ఇదొకటి, ఎవరూ చెప్పుకోరు.

ఓరుగల్లు_పోరడు (మంగళవారం, ఉదయం 9:41)

ఇప్పుడే చేసి చూసిన. నిజమే! ఇన్నేండ్లు రెండూ ఒక్కటే అనుకున్న.

బిట్టుబైటు (మంగళవారం, ఉదయం 10:05)

సరే, ఓడిపోయా. కానీ నేను లేఖిని అనే తెలుగు టైపింగ్ సైటులో రాసేవాణ్ణి, అక్కడ ఈ గొడవే లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే పెట్టె వేరు, తెలుగు కనపడే పెట్టె వేరు. తప్పొస్తే ఇంగ్లీషు అక్షరం దిద్దుకుంటాం, అంతే.

లెడ్జర్_లక్ష్మి (మంగళవారం, ఉదయం 10:30)

నేను ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నదాన్ని, మన దేశభాషలకి ఒకే వరసలో పెట్టిన కీబోర్డు అది. అందులోనూ ఇలాంటి ఆలోచనే. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. క ఉన్న మీటనే షిఫ్ట్‌తో కొడితే ఖ. గుణింతం మామూలుగా కొడితే వస్తుంది, షిఫ్ట్ పెడితే అచ్చు. తెలుగులో చెయ్యి తిరిగితే హిందీ కూడా చూడకుండా కొట్టొచ్చు, వరస అదే కాబట్టి. నేర్చుకోవడానికి నెల పడుతుంది, అందుకే ఎవరూ నేర్చుకోరు.

సీతమ్మధార_శేషు (మంగళవారం, మధ్యాహ్నం 12:15)

మీరంతా వ్యాకరణంలోకి వెళ్లిపోయారు, నాది చిన్నది. పాత ఆపిల్ ల్యాప్‌టాప్‌లు నిద్రలో ఉన్నప్పుడు ముందువైపు ఒక తెల్ల లైటు వెలిగి ఆరుతూ ఉండేది. టక్కున కాదు, నెమ్మదిగా నిండి, నెమ్మదిగా తగ్గేది. నిద్రపోయే మనిషి ఊపిరి వేగానికి దగ్గరగా పెట్టారు, దాని మీద పేటెంటు కూడా తీసుకున్నారు. మా ఆవిడ దాన్ని చూసి "ఇది బతికే ఉందండీ" అనేది. తర్వాత వచ్చిన మోడళ్లలో ఆ లైటే తీసేశారు.

చిన్నక్షరం (బుధవారం, రాత్రి 8:10)

మాస్టారు గారూ, ఇవాళ ఆ పెట్టె మార్చేశాం. "టికెట్టు ఉంచు", "టికెట్టు రద్దు చెయ్యి". మా మేనేజరు "బటన్ పొడుగైపోయింది కదా" అన్నాడు, మీ ఐదువందల కథ చెప్పాను, ఊరుకున్నాడు. పంపు, పంపండి గొడవ ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి బటన్లకి మీ సూత్రం, బస్టాండులో పెట్టే మిషన్లకి లక్ష్మి గారి పెద్దాయన సూత్రం.

మాస్టారు_రిటైర్డ్ (బుధవారం, రాత్రి 8:35)

సంతోషం తల్లీ. ఒక్క సందేహం. "ఉంచు"లో ఒత్తు లేదు. "రద్దు"లో ద ఒత్తు ఉంది, "టికెట్టు"లో ట ఒత్తు ఉంది, "చెయ్యి"లో య ఒత్తు ఉంది. కింద తెగడం లేదు కదా?

చిన్నక్షరం (బుధవారం, రాత్రి 8:52)

మా అమ్మ ఫోన్ తీసుకుని ఇప్పుడే చూశా. ఆవిడ అక్షరాల సైజు పెద్దది పెట్టుకుంది. ద ఒత్తు అడుగున రెండు చుక్కలు తెగింది. ల్యాప్‌టాప్ తెరుస్తున్నా.